గంగరాజు గారెవులు?

ఐసీయూ బయట ఇనప కుర్చీలు. లోపలి సంగతులు బయటివాళ్ళకి విడమరిచి చెప్పడం కీర్తన ఉద్యోగం. మొగుడు లోపలున్న జాలరిపేట దేముడమ్మకి ఆ ఉద్యోగమంటేనే ఒళ్ళుమంట.

"నిలకడగా ఉన్నాడు, నిలకడగా ఉన్నాడు! వచ్చిన కాణ్ణించి అదే పాట. అంత నిలకడగా ఉంటే ఇంటికి పంపీండి."

"దేముడమ్మగారూ, నిలకడ అంటే బాగైపోయారని కాదమ్మా. నిన్నటికంటే దిగజారలేదని."

"మరి అలగే సెప్పొచ్చు కదా? నాలుక అరిగిపోద్దా? ఈ మాత్రం సెప్పడానికి నీకో కుర్సీ, మెడలో ఓ బిళ్ళ!"

"పడవ బోల్తాపడినప్పుడు ఉప్పునీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయి. అందుకే గొంతులో గొట్టం పెట్టారు. ఆయన బదులు మిషనే..."

"తెలుసు, తెలుసు. గొట్టం ఉన్నాది కాబట్టి మాటాడ్డు. మరి సేతులెందుకు కట్టీసినారు? దొంగా ఆడు?"

"గొట్టం పీకేసుకోకుండానమ్మా. మెత్తటి గుడ్డే. ఇవాళ మత్తు తగ్గించారు. ఆయన తెలివిలోకొచ్చి, చెప్పిన మాట విని చేస్తే గొట్టం తీసే ఆలోచన చేస్తారు. 'గంగరాజు గారూ, కాలు కదపండి' అని డాక్టర్‌గారు ఎంతసేపు అడిగినా..."

"గంగరాజు గారెవులు?"

"మీ ఆయనే కదమ్మా!"

"పుట్టి బుద్దెరిగాక ఆడినెవులూ గారూ అన్లేదు. పక్క మంచం మీదోణ్ని పిలుత్తన్నారనుకునుంటాడు."

"అది కాదమ్మా. ఈ పూట కూడా మాట వినకపోతే మళ్ళీ మత్తిస్తారు. రేపు గొంతు దగ్గర చిన్న కన్నం పెట్టి, దాన్లోంచి గొట్టం..."

"కన్నవా! మనిసి గొంతుకా!"

"అవసరమైతేనే. అందుకే మిమ్మల్ని లోపలికి పంపమన్నారు. తెలిసిన గొంతు వింటే పలుకుతారని. కానీ ఒక్క మాట. నిన్న మీరు ఆయన్ని తిట్టారట. సిస్టర్ చెప్పింది."

"తిట్టనా? అల పెద్దదిగా ఉందిరా, ఎల్లకురా అంటే ఎల్లినాడు. ఎత్తుకుని ముద్దెట్టుకోమంటావేటి?"

"ఐసీయూలో తిట్టకూడదమ్మా! మెత్తగా మాట్లాడాలి. చెయ్యి పట్టుకుని, 'నేనున్నాను, భయపడకు, అంతా బాగుంటుంది' అనాలి. మాకు ట్రైనింగ్‌లో అదే నేర్పారు."

"మొగుడితో ఎలగ మాటాడాలో ట్రైనింగా! నీకు పెళ్ళయిందేటి?"

"ఇంకా లేదు."

"మరి!"

"దేముడమ్మగారూ. కన్నం."

"...సర్లే. ఎలగనాలో మల్లీ సెప్పు."

కాసేపటికి, అవే కుర్చీలు.

"ఏం జరిగింది? లోపల మిషన్ అంతలా మోగిందేంటి?"

"నన్నడుగుతావేటి? నీ మాటలే అన్నాను. సెయ్యట్టుకుని, 'నా బంగారం, నానున్నాను, బయపడకు' అన్నాను. కళ్ళు తెరిసినాడు. నన్ను సూసినాడు. అంతే, గుడ్లెంట నీల్లు. ఒకటే తన్నుకోడం. నలుగురొచ్చి నన్ను బయటికి గెంటీసినారు."

"అంటే మాట వినిపించింది! మంచిదే కదమ్మా?"

"మంచిదా? నీ తెలివి తెల్లారినట్టే ఉన్నాది. మా పేటలో సేపల యేటకెల్లీవోడితో ముద్దు మాటలాడరు. ఆడితే సముద్రం ఇంటాది. ఇంట్లో ఇంత ముద్దైనోడా అని ఉంచేసుకుంటాది. తిట్టి పంపాల. అప్పుడు ఎవులికీ అక్కర్లేనోడని ఒడ్డుకి ఇసిరేత్తాది."

"మరి... ముద్దు మాటలు ఎప్పుడాడతారు?"

"పాడెక్కించినాక."

"అయ్యో."

"సచ్చిపోయాననుకున్నాడు ఆడు. నీ మాట ఇని, నా నోటితో నానే సాగనంపీసినాను. ఇంకేటి సెప్తావు? మల్లీ నిలకడంటావా?"

"నాకు తెలీదమ్మా. తెలియక చెప్పాను. లెండి, మత్తు ఇవ్వకముందు ఇంకొక్కసారి పంపమని డాక్టర్‌గారి కాళ్ళైనా పట్టుకుంటాను. ఈసారి తిట్టండి."

"ఐసీయూలో తిట్టకూడదన్నావు."

"నేనే అన్నాను, నేనే చెప్తున్నాను. తిట్టండి!"

మంచం పక్కన.

"ఊఁ, తిట్టండమ్మా."

"రాట్లేదు."

"రాకపోవడమేంటి? ఇందాకటిదాకా నన్ను అన్నన్ని మాటలన్నారు!"

"నువ్వేరు. ఈ మొకం సూత్తే నోరు పెగల్డం లేదు. బయమేత్తంది పిల్లా. కన్నమెట్టీత్తారేమో. ఏడుపొత్తంది."

"ఏడవకండి, ఆయన చూశారంటే మళ్ళీ... సరే, నేనే తిడతాను. ఏం గంగరాజు గారూ! అసలు మీకు బుద్ధుందాండీ? భార్య చెప్తే వినక్కర్లేదాండీ? మీరు... మీరొట్టి వెధవలండీ!"

"ఓలమ్మో! నా మొగుణ్ని తిట్టడానికి నువ్వెవుత్తివే? ఎదవలండీ ఏటి, ఎదవలండీ! తిట్టడం కూడా ట్రైనింగేనా? జరుగవతలకి. ఓరి సచ్చినోడా! అలకి ఎదురెల్లీ మొనగాడివి, దొరబాబులాగ ఏసీలో తొంగున్నావా? నాను బయట ఇనప కుర్సీల మీద నడుం ఇరగ్గొట్టుకుంతన్నాను, నీకు మెత్తటి పరుపా? సిగ్గులేదేటి? ఇంటికాడా ఇదే బాగోతం, ఇక్కడా ఇదే బాగోతం! మంచమంతా నీ బాబుదా? కాలడ్డు తియ్యి, నాను కూకోవాల!"

"దేముడమ్మగారూ, అటు..."

"ఏటలగ గుడ్లప్పగించి సూత్తన్నావు పిల్లా? సాల్లేదా? ఇంకా తిట్టమంటావా?"

"కూర్చోండమ్మా. ఆయన కాలు అడ్డు తీశారు."