మిగలకుండా పంచలేని సంఖ్య

దేవుడు ఎవరినీ ఉత్తచేతులతో పంపడంటారు. బోర్డులు రాసే పెయింటర్‌కి నోరిచ్చి పంపాడు. నడుం విషయంలోనే కాస్త తొందరపడ్డట్టున్నాడు. పొద్దంతా నిచ్చెన మీద నిలబడి, సాయంత్రం టీకొట్టు చేరేసరికి ఆ నడుం విల్లులా వంగిపోయేది.

కొట్టులో వీపు ఆనించే కుర్చీ ఒక్కటే. మిగతావన్నీ బల్లలు. ఎవరూ చిల్లు పెట్టలేని గొప్పల కోత కోసినవాడిదే ఆ పూట కుర్చీ అని అక్కడో కట్టుబాటు. చిల్లు పెట్టినవాడు కుర్చీని తనవైపు లాక్కోవచ్చు.

ఆ రోజు పెయింటర్ బుద్ధిమంతుడిలానే మొదలెట్టాడు. ఓ మిల్లు యజమాని గోడ మీద సంఖ్య రాయమన్నాడట. ముగ్గురు కొడుకులూ మిల్లు పంచమని పోరుతున్నారట. ముందు ఈ సంఖ్యని మిగలకుండా పంచుకురండి, తర్వాత మిల్లు సంగతి చూద్దాం అనడానికట. అంటే దేనికీ లొంగని ప్రధాన సంఖ్య కావాలి.

"అంత సంఖ్య నీకెలా తట్టింది?" అన్నాడు దర్జీ.

"తట్టడమేంటి, చేతిలోంచి కారింది. అంకెలు అద్దే రేకులన్నీ తుప్పుపట్టి మూడు రేకొక్కటే మిగిలింది. అదే అద్దుకుంటూ పోయా. గోడ అయిపోయింది. నిచ్చెన దిగితేనా! దాని మీదే కూచుని గెంతిస్తూ పక్క వీధిలోకి, వంతెన మీదికి, అటునుంచి పక్క ఊళ్ళోకి. మొదటి మూడు దగ్గర బస్సెక్కినవాడు చివరి మూడు చూడాలంటే మధ్యలో రెండు బస్సులు మారాలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లెక్కల పంతుళ్ళు దిగారు. రెండుతో కొట్టారు, ఒకటి మిగిలింది. అయిదుతో కొట్టారు, మూడు మిగిలింది. ఏడుతో కొట్టబోతే ఏడే విరిగింది. కంప్యూటర్ తెచ్చారు. అది పొగలు కక్కి, నాకో నమస్కారం పెట్టి ఆరిపోయింది. కొడుకులు నా కాళ్ళ మీద పడి, కలిసే ఉంటామని ఒట్టేశారు."

టీకొట్టాయన గిన్నె కలపడం ఆపాడు. పెయింటర్ చెయ్యి అప్పుడే కుర్చీ మీద పడింది.

బల్ల చివర అతని బావమరిది, వడ్రంగి, గ్లాసు కింద పెట్టాడు.

"అన్నీ మూళ్ళేనా బావా?"

"ఒక్కటి తేడా ఉంటే చెవి కోయించుకుంటా."

"కొడుకులు ముగ్గురేగా?"

"ముగ్గురే."

"ప్రతి మూడులోంచీ తలా ఒకటి తీసుకుంటే ఇంక మిగిలేదేముంది?"

పెయింటర్ కుర్చీ మీంచి చెయ్యి తీశాడు. దర్జీ బల్ల మీంచి జారిపోయేలా నవ్వాడు.

వడ్రంగి లేచి కుర్చీని లాక్కున్నాడు. ఓసారి కాళ్ళు సరిగా ఆనాయో లేదో కదిపి చూశాడు. తర్వాత బావ వెనక్కి తెచ్చి వేశాడు.

"కూచో బావా. నీ కథ మొత్తంలో నడుంనొప్పొక్కటే నిజం."