వయసు మీరిన అభ్యర్థిని

హలో… హలో… ఆ, నేనేనమ్మా, ట్రంకుకాలు అడిగింది నేనే. పుంగనూరు టైలరు అబ్దుల్ సత్తార్… మదనపల్లె పోస్టాఫీసు నుంచే మాట్లాడతాండాను. చిత్తూరు తగిలిందా?… తగిలితే కలుపు తల్లీ, పొద్దున్నుంచి ఈ బెంచీ మిందనే కూసోనుండాను.

హలో… దేవదాసు సారేనా? సార్, నేను సత్తార్‌ని… పుంగనూరు సత్తార్. మీ నాయన మిషనాసుపత్రిలో కాంపౌండరుగా ఉండంగా మీ ఇంటికి సొక్కాలు కుట్టేటోడు సూడు, ఆయన కొడుకుని… ఆ. గుర్తొచ్చినానా. సంతోషం… బాగుండారు, అందరూ బాగుండారు… లేదు సార్, అంతా బాగుంటే నేను ఈ ఫోను కాడికి యాల వస్తాను? బాగలేకనే వచ్చినాను.

సూడండి, మూడు నిమిషాలే ఇస్తారంట, సూటిగా సెప్పేస్తా. మా పాప సంగతి… ఆ, పెద్దదే. ఉండేదే ఒగటి, పెద్దదీ అదే, సిన్నదీ అదే. మద్రాసులో సర్కారోళ్ళు గోషా ఆడపిల్లలకని కుట్టుపని కాలేజీ పెట్టుండారు కదా. ఏడాది సదివితే స్కూళ్ళలో కుట్టు టీచరమ్మగా ఏస్తారంట. ఆడ పాపకు సీటొచ్చింది. సోమవారం లోపల సేరాల. సేరకపోతే ఆ సీటు ఇంగొకరికి పోతాది. హాస్టల్లో ఉండి సదివేదానికి సర్కారు సాయం కావాలని మీ ఆఫీసుకు అర్జీ పెట్టుకుంటిమి…

ఆ, ఆ అర్జీనే. మీరు కొట్టేసిన అర్జీ.

సరే, మీరు కాదు, మీ ఆఫీసరు. ఎవురో ఒగరు. యాల కొట్టేసినారు అని అడగతాండా… కాగితం వచ్చింది సార్, రాలేదని నేను అనలేదు. ఇంగిలీషులో ఉంటే మిషను స్కూలు సువార్తమ్మ టీచరు కాడికి ఎత్తకపోయి సదివించుకుంటి. వయసు మీరిందని రాసినారంట. సార్, దానికి పద్దెనిమిది. పద్దెనిమిదేండ్ల పిల్లకు వయసు మీరిపోతే ఇంగ ఎవురిని సేర్చుకుంటారు ఆ కాలేజీలో? ఉయ్యాల్లో బిడ్డల్నా?

నేనేం అరవలేదు… ఈ ఫోన్లో గట్టిగా మాట్లాడితేనే ఇనపడతాదని పోస్ట్‌మాస్టరయ్య సెప్పినాడు, అందుకని గట్టిగా మాట్లాడతాండా.

ఎంత?… మీ ఫైల్లో ఎంత రాసుండాది?

అరవై?

సార్, కండ్లజోడు పెట్టుకోని సదవండి… పెట్టుకోనే సదివినారా. ఆరు పక్కన సున్నానేనా?… సార్, నాకే యాభై. నా కూతురికి అరవై ఎట్లొస్తాది?

నగబాకండి. మీకు నగులాటగా ఉండాది, నాకు కడుపు మండతాండాది. ఈ సాయం కోసరం నేను ఎక్కని మెట్టు లేదు సార్. రాబడి సర్టిఫికేటుకని కరణం కాడికి పోతే, మనది జమీను ఊరు కదప్పా, జమీను కచేరీకి పో అనె. కచేరీకి పోతే, ఇది సర్కారు పని, మాకేం సంబంధం అనిరి. తాసిల్దారు కాడికి పోతే, కరణం సంతకం లేకుండా యాల వచ్చినావు అనె. మళ్ళా కరణం కాడికి పోతే ఆయప్ప కూతురి సీమంతానికని బైరెడ్డిపల్లెకు పోయుండె. బైరెడ్డిపల్లెకే పోయినాను. పెండ్లి పందిట్లో మాదిరి అంతమంది మధ్యలో నిలబడి సంతకం అడుక్కున్నాను. అన్నీ సేర్చి మీకు పంపితే, మీరు నా కూతురికి అరవై ఏండ్లంటారు.

అసలు ఎవురు రాసినారు ఆ అరవై?… విచారణ రిపోర్టా… ఆ, ఇనస్పెక్టరు ఓబులేసు. వచ్చినాడు. అది నిజమే, మా ఇంటికే వచ్చినాడు. అర్జీ పెట్టుకున్న పిల్ల నిజంగా ఉండాదా లేదా సూసి రాయాలని. మా ఆడోళ్ళు గోషా కదా, నడవలో తెర కట్టుంటిమి. ఆయప్ప తెరకు ఈ పక్క, మా అమ్మా పాపా ఆ పక్క… నేనా? నేను కుర్చీ ఏసి కూసోబెట్టి టీ తెచ్చేదానికి అంగడికి పోతి. వచ్చేసరికి విచారణ అయిపోయిందనె. టీ తాగినాడు, మంచిగా నాలుగు మాటలు మాట్లాడినాడు, పాయ.

అయితే ఆయప్పనే పిలిచి అడగండి… కుప్పానికా? ఎప్పుడు బదిలీ అయినాడు?… బాగుండాది. అరవై అని రాసి పడేసి కుప్పం పాయనా.

సరే సార్, ఆ రిపోర్టులో ఏముందో సదవండి. తెలుగులోనే ఉంటే అట్నే సదవండి, రొంత నిదానంగా… ఊ… ఊ… “తెర సందునుండి అభ్యర్థిని తన చెయ్యి బయటకు చాచినది.” ఊ, సరే… “చెయ్యి ముడతలు పడియున్నది.” ఏం పడియున్నది?… “సంతకము చేయలేదు, వేలిముద్ర వేసినది.” సార్, మా పాప యాలిముద్ర ఏసేదేంది? ఎనిమిదో తరగతి దాకా సదివింది. తెలుగులో, ఉర్దూలో, ఇంగిలీషులో మూడు సంతకాలు పెడతాది…

పేరు? పేరేమని రాసినాడు?

లాల్ బీ.

లాల్ బీ అంటే మా అమ్మ సార్.

ఒగ్గ నిమిషం ఉండండి. పెట్టేయబాకండి. మా అమ్మ ఈడనే ఉండాది, బయట జట్కాలో. పాప కూడా ఉండాది. మీరు సరే అంటే రాత్రి రైలుకే ఎక్కించేద్దామని పెట్టె కట్టుకోని అందరం వచ్చేసినాము. కిటికీలోంచి అడగతా, ఉండండి…

అమ్మా. ఓ అమ్మా… ఆ పొద్దు ఇనస్పెక్టరు వచ్చినప్పుడు తెర సందులోంచి సెయ్యి పెట్టింది ఎవురు?… నువ్వా. యాల పెట్టినావు?… పాప సెయ్యి పరాయోడు పట్టుకోని సిరా పూస్తాడని. సరే, పేరు అడిగితే?… నిన్నే అడిగినాడు అనుకున్నావు. వయసూ నిన్నే అడిగినాడు… అరవై అన్నావు. అమ్మా, నీకు అరవై ఎనిమిది. అండ్లో కూడా తగ్గించే సెప్పినావా?… ఏం కాలేదు. ఏం కాలేదులే… లేదమ్మా, నిన్ను కాలేజీకి రమ్మనలేదు. నీకు వయసు మీరిందంట. గమ్మున కూసో.

సార్… ఉండారా? ఇనేసినారా… అంతే. మా అమ్మే. మోసం కాదు సార్, ఆ మాట మాత్రం అనబాకండి. ఎదిగిన పిల్ల సెయ్యి ముక్కూమొగం తెలీని మొగోడు పట్టుకుంటాడంటే ఏ ముసలామె ఊరుకుంటాది? తన సెయ్యి పెట్టింది. రాసుకునేటోడు సూసుకోవద్దా? కాలేజీకి పోయే పిల్ల సెయ్యి అట్లుంటే రొంతైనా అనుమానం రావద్దా?… అవును, తలొంచుకోనే రాసుకున్నాడంట. మర్యాదస్తుడే, కాదనను. ఆ మర్యాద వల్లనే నా బిడ్డ సీటు పోతాండాది.

ఏమ్మా?… మూడు నిమిషాలు అయిపాయనా. ఇంగో మూడు ఏసుకో. తుంచబాక తల్లీ.

సార్, ఇప్పుడేం సేద్దాం సెప్పండి… అర్జీలోనా? అవును. పేరు రాసే తావులో “అబ్దుల్ సత్తార్ కూతురు” అనే రాసినాను… పేరు కాకపోతే ఏంది సార్? నా కూతురే కదా. మా ఇండ్లల్లో ఆడపిల్ల పేరు పదిమంది నోట్లో పడనీయము. మీ ఆఫీసులో కాగితం ఎన్ని బల్లల మింద తిరగతాదో, ఎంతమంది సదవతారో నాకేం తెలుసు? అందుకని రాయలేదు. పేరేదని ఒగ మాట మీరు అడిగుండొచ్చు కదా… అడిగినారా? ఎవురిని?… ఓహో. ఆ పేరు కనుక్కోమనే ఇనస్పెక్టరును పంపినారా.

బాగా కనుక్కున్నాడు.

స్కూలు సర్టిఫికేటు ఉండాది సార్. సువార్తమ్మ టీచరు ఇచ్చింది, అర్జీకి గుచ్చి పంపినాను… అదే, అదే. పేరు కలవలేదని దాన్ని పక్కన పెట్టేసినారా. దాంట్లో ఉండే పేరే మా పాపది. దాన్ని సూసి ఆర్డరు రాసేయండి సార్, మీకు పుణ్యముంటాది… ఆఫీసరును అడగాల్నా. లోపలనే ఉండాడా? అడగండి, అడగండి. నేను పట్టుకోనే ఉంటా.

… పోస్ట్‌మాస్టరయ్యా, ఇంగ అయిపోవచ్చింది… తెలుసు, ఎనకాల శానామంది నిలబడుండారు. నేనూ పొద్దున్నుంచి ఎవురి ఎనకాలనో కాసుకోనుండినోణ్ణే కదా.

ఆ సార్… ఏమన్నాడు? ఎవురు సెప్పాల?… పాపనా? ఫోన్లోనా?

నేను సెప్తా. కన్న నాయన్ని, నేను సెప్తే సాలదా?… ఒగసారి ఒగరికి బదులు ఇంగొకరు సెయ్యి పెట్టినారు, ఇంగ ఆ ఇంట్లో ఎవురి మాటా నమ్మను అన్నాడా. ఊ… పాప నోటితో పాపే పేరు సెప్పాల. సదివేదానికి నాకు ఇష్టమే అనాల. అది సర్టిఫికేటుతో కలిస్తే ఇప్పుడే సంతకం పెట్టి కాలేజీకి తంతి కొట్టిస్తాడు. లేకపోతే సాయంత్రం క్యాంపుకు పోతాడు, వారం దాకా రాడు…

కుదరదు సార్.

కుదరదంటే కుదరదు. మా సంగతి మీకు తెలీదా? పరాయోళ్ళు వాకిట్లో ఉంటే ఇంట్లో అది గట్టిగా దగ్గను కూడా దగ్గదు, అట్ల పెంచినాము. ఈడేమో మనియార్డర్లకు వచ్చినోళ్ళు, సంతకు వచ్చినోళ్ళు, శెనక్కాయల మండీ గుమాస్తాలు… ఇంతమందిలో నిలబడి మా పాప తన పేరు అరిసి సెప్పాలనా? గోషా పిల్లలకని కాలేజీ పెట్టిందీ మీరే, గోషా వదిలేసి రమ్మనేదీ మీరేనా? ఇదేం లెక్క?

తెలుసు… మీరు నా మంచికే సెప్తాండారు, నాకు అర్థమైతాండాది. కానీ రేపు పొద్దున నేను పుంగనూర్లోనే కొట్టు తీయాల సార్.

మానేయమంటారా? అంత సుళువుగా ఎట్లంటారు? ఇంగ నా ఇల్లు నడిసేది దాని సేతుల మిందనే. నా కండ్లు పోయినాయి సార్. సూదికి దారం ఎక్కించేదానికి నాకు కనపడదు. రెండేండ్లుగా పుంగనూరంతా నేను కుట్టినానని తొడుక్కుంటాండేవి అన్నీ తెర ఎనకాల అది కుట్టినవే. మీ తమ్ముడి పెండ్లి కోటు… ఆ, అది కూడా. మీ నాయన నా ఈపు తట్టి మెచ్చుకున్నాడే, అది దాని పనే సార్. ఎవురికీ సెప్పలేదు. ఎట్ల సెప్పేది? ఆడపిల్ల పేరు…

ఒగ్గ నిమిషం సార్.

నువ్వు యాల దిగినావు జట్కాలోంచి?… దాదీకి సెప్పినావా?… పో, పోయి కూసో. అందరూ సూస్తాండారు… నేను ఎవురితోనూ తగవులాడతాండలేదు, మాట్లాడతాండాను… అంతా ఇనపడిందా. రోడ్డు దాకా ఇనపడిందా నా గొంతు.

ఏంది?… మళ్ళా సెప్పు.

యా అల్లా.

… లేదు సార్, ఉండాను. తుంచలేదు. పాప వచ్చి నా పక్కన నిలబడుండాది. బురఖాలోనే… ఏమంటాండాదంటే, “ఆడ మద్రాసులో దినామూ క్లాసులో హాజరు పిలుస్తారు కదబ్బా, దానికి ఎవురు పలుకుతారు? నువ్వా, దాదీనా?” అంటాండాది.



 

ఆఫీసరు ఏం సేస్తాండాడు?… బయల్దేరతాండాడా? నిలపండి. మీ కాళ్ళు పట్టుకుంటా, రొంత నిలపండి… ఏమ్మా, మళ్ళా అయిపాయనా? ఇంగో మూడు ఏసుకో తల్లీ, ఎన్ని కావాల్నో అన్ని ఏసుకో.

పోస్ట్‌మాస్టరయ్యా, వీళ్ళందర్నీ రొంత సేపు బయటికి పంపుతారా?… సర్కారు ఆఫీసు, ఎవురినీ పంపేదానికి లేదు. సరే. మీరనేదీ నిజమే.

అమ్మా, నువ్వు దిగబాక. ఆడనే ఉండు… అరువు, ఎంత అరుస్తావో అరువు. ఇనస్పెక్టరుకు నీ పేరు నువ్వు సెప్పుకోలేదా? దాని పేరు అది సెప్పుకుంటాది.

సార్, మాట్లాడతాది… ఆ, పాపే. నిదానంగా అడగండి, ఎప్పుడూ ఫోను పట్టిన పిల్ల కాదు. ఆఫీసరును కూడా గద్దించొద్దనండి. నేను పక్కన ఉండను సార్. నేనుంటే దాని గొంతు లేయదు. మెట్ల కాడికి పోయి నిలబడతా.

ఇట్రా బేటీ. ఇట్ల పట్టుకో… ఇది సెవి కాడ. దీంట్లో మాట్లాడాల. వాళ్ళ గొంతు ఎక్కడో దూరంగా వస్తాది, భయపడబాక… లేదు, మెల్లిగా కాదు. ఈడుండేవాళ్ళు ఇంటారని మెల్లిగా సెప్తే చిత్తూరుకు ఇనపడదు. గట్టిగానే మాట్లాడు.

ఇంద. నీ పేరు నువ్వే సెప్పు.