మూడో టిక్కు

పిల్లలకు విరేచనాలు రాకుండా టీకా చుక్కలు వేసే నర్సు ఆసుపత్రి ల్యాబ్ గుమ్మంలో నిలబడింది. లోపల రిపోర్టు రాస్తున్న అమ్మాయి తలెత్తింది.

“మా మనవరాలి విరేచనాల పరీక్షలో ఏ రకం వైరస్ తేలింది అమ్మాయ్? చుక్కలకి లొంగని కొత్త రకమే కదూ?”

“కాదక్కా. మన చుక్కలు బాగా ఆపే పాత రకమే. పాపకి మూడు డోసులూ పడ్డాయిగా?”

“కార్డు చూశావుగా. నా చేత్తోనే టిక్కు పెట్టాను.”

“అందుకే చెయ్యాడట్లేదు. అన్ని డోసులూ పడ్డాక కూడా సెలైన్ దాకా వచ్చిందంటే, ఈ రకం మీద మందు పనిచెయ్యలేదని రాయాలి. అసలే తల్లులు చుక్కలంటే మొహం తిప్పుకుంటున్నారు.”

“కొత్త రకమని రాసెయ్యకూడదూ?”

“అక్కా!”

“మూడో డోసు వేయాల్సిన రోజు పాప నిద్రపోతోంది. ఇంట్లో పిల్లేగా, రేపు వేద్దామని ముందే టిక్కు పెట్టేశాను. పేటలో పిల్లలందరికీ వేశాను. దీపం కిందే చీకటి. ఆ రేపు రాలేదు.”

“ఆ టిక్కు మీరే కొట్టెయ్యాలక్కా. కార్డేదీ?”

“కోడలి చేతిలో ఉంది. మా అత్తమ్మ ఉండబట్టే అన్నీ వేళకి పడ్డాయని వార్డంతా తిప్పి చూపిస్తోంది.”