అలాంటి ఊరే లేదు

ఊరు మొత్తానికి ఫోను పలికే చోటు ఒక్కటే, నీళ్ళ ట్యాంకు పైన. ఊరికి నీళ్ళు వదిలే మనిషి, మిట్టమధ్యాహ్నపు ఎండలో అక్కడికెక్కి, అంబులెన్సు డ్రైవరుతో గొంతు చించుకుంటున్నాడు. కింద ట్యాంకు నీడలో, నులకమంచం మీద అతని చెల్లెలు, తలాపున తల్లి.

“ఊరు లేదంటారేంటండీ? ఊళ్ళోంచేగా మాట్లాడుతున్నా!”

“నేనన్నానా తమ్ముడూ? జనం చెప్పిందే చెప్తున్నా. దారిలో ముగ్గుర్ని అడిగా. ముగ్గురిదీ ఒకటే మాట, అలాంటి ఊరే లేదని.”

“ఎవర్నడిగారు?”

“మొదట టీకొట్టావిణ్ణి. ‘పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, ఆ పేరు ఎప్పుడూ వినలేదు’ అంది. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు కూడా వేసింది.”

“బొద్దుగా ఉంటుందా? మాట్లాడేటప్పుడు గరిటె ఆడిస్తుందా?”

“ఆఁ, ఆవిడే. నా మొహం మీదే ఆడించింది.”

“ఆవిడ మా పిన్నండీ.”

“ఏంటీ?”

“మా అమ్మ సొంత చెల్లెలు. పుట్టింది ఈ ఊళ్ళోనే.”

“మరి లేదంటుందేంటయ్యా!”

“అదంతా తర్వాత చెప్తా. రెండో మనిషెవరు?”

“పంక్చర్లేసేవాడు. వాడు ఇంకా ఘనుడు. ‘ఇటు కాదు సార్, వాగు దాటి పొండి’ అని ఎంత మర్యాదగా చెప్పాడో! పోయా. ఇసుక. చక్రం సగం దిగాక బుద్ధొచ్చి, కిందామీదా పడి వెనక్కి లాక్కొచ్చా.”

“అయ్యో... వాడు మా బావ.”

“వాడూ మీవాడేనా? మీ చుట్టాలంతా కూడబలుక్కున్నారా ఏంటి, ఆ పిల్ల ప్రాణం తీద్దామని?”

“అంత మాట అనకండన్నా. కూడబలుక్కున్న మాట నిజమే. కానీ దీనిక్కాదు. ఉండండి ఒక్క నిమిషం... అమ్మా! ఎలా ఉందమ్మా? ఆఁ? ఏంటీ? వినపడలా, గట్టిగా చెప్పు!... కళ్ళు వాలిపోతున్నాయటన్నా. పిలిస్తే పలుకుతోంది గానీ మాట ముద్దగా వస్తోందట.”

“ఏ పాము?”

“నాగుపామే. కట్టెల మోపు కదిపింది, కింద ఉంది. పడగెత్తడం అమ్మ కళ్ళారా చూసింది.”

“కాలు కదపనివ్వొద్దు. నడిపించొద్దు. తాడు బిగించి కట్టలేదు కదా? నోటితో పీల్చడాలు, ఆకులు రుద్దడాలు ఏమీ వద్దు. చూడు తమ్ముడూ, దానికి మందు నా బండిలో ఉండదు. ఆసుపత్రిలోనే. ఇక్కణ్ణించి గంట పైమాటే. మధ్యలో ఊపిరి ఆగకుండా చూడ్డానికి మాత్రం నర్సమ్మ ఉంది నా పక్కన. కాబట్టి కబుర్లొద్దు, దారి చెప్పు.”

“మెయిన్ రోడ్డు దిగాక మైలురాయి ఉంటుంది. దాని మీద మా ఊరి పేరు...”

“పేరూ లేదు, ఊరూ లేదు. తెల్లగా సున్నం కొట్టిన రాయి ఒకటుంది.”

“అదే.”

“సున్నం ఎవరు కొట్టారు?”

“మేమే. బోర్డు కూడా మేమే పీకేశాం. అది ఇప్పుడు మా కోళ్ళగూటికి తలుపు.”

“మతి ఉండే చేశారా?”

“అప్పుడు మతిగానే అనిపించిందన్నా. మా వెనక కొండ ఉంది. ఇళ్ళన్నీ దానికి వీపు ఆనించుకుని ఉంటాయి. అందులో మంచి రాయి ఉందట, క్వారీ వాళ్ళకి కావాలట. వాళ్ళు కొండ తవ్వితే మాకిక ఊరేంటి? దుమ్మేగా. అందుకని వాళ్ళకి దారి దొరక్కుండా చేద్దామనుకున్నాం. ఎవరడిగినా అలాంటి ఊరు లేదనాలి. ముసలీముతకా, పిల్లామేకా, అందరిదీ ఒకటే మాట.”

“ఊరుని దాచేస్తారా? అదేమన్నా బెల్లం ముక్కా, గుప్పిట్లో పెట్టుకుని దాచడానికి?”

“చిన్న ఊరన్నా. దాగుతుందనుకున్నాం. ఏముంది మా ఊళ్ళో! ఒక్క వీధి. ఒక బడి, దానికి పైకప్పు సగమే ఉంది. పిండిమర, వారంలో రెండు రోజులు తిరుగుతుంది. వేరుశనగ చేలు, మేకలు, ఈ ట్యాంకు. బడి పైకప్పు కోసం కాళ్ళరిగేలా తిరిగాం, ఒక్కడంటే ఒక్కడు వచ్చి చూసిన పాపాన పోలేదు. మీ ఊరెక్కడ అనేవాళ్ళు. రాయి ఉందని తెలిసిందో లేదో, రోజుకొక బండి!”

“మీ బాధ నాకర్థమైంది గానీ, ఇప్పుడు నా బాధ నువ్వు వినాలి. రాయి దాటి ఎటు?”

“ఎడమ చేతికి. కొంచెం దూరం పోతే దారికి అడ్డంగా పెద్ద గొయ్యి.”

“చూశా ఆ గొయ్యి. ఏనుగు పట్టేటంత ఉంది. అదీ మీరేనా?”

“మేమే. అందరం పలుగూ పారా పట్టుకుని తవ్వాం. ఆ గొయ్యి పక్కనే మేకల దొడ్డి ఉంటుంది. ఇనుప గేటు. ఆ గేటు తీసి దొడ్లోంచి పోతే మళ్ళీ మా దారిలోనే తేలతారు. మా ట్రాక్టరు పోయేది అలాగే.”

“ఆ ట్రాక్టరేదో దాంట్లో పిల్లని ఎక్కించుకు రావచ్చుగా?”

“అందరూ దాన్లోనే పోయారన్నా. క్వారీ వద్దని పెద్దాఫీసు ముందు కూర్చోవడానికి. చెల్లెలి మొగుడూ పోయాడు. ఊళ్ళో నేనూ, అమ్మా, లేవలేని ముసలాళ్ళూ. నీళ్ళు వదలాలని నన్ను ఉండమన్నారు. మంచం మోయడానికి రెండో మగాడు లేడు. ఈ ట్యాంకు దిగితే ఫోను పోతుంది. గేటు దాకా పరిగెత్తుకొచ్చేసరికి పొద్దు వాలుతుంది.”

“ఏడుస్తున్నావా?”

“లేదన్నా. నాకు ఏడుపు రాదు. గేటు దగ్గరికి పొండి మీరు.”

“గేటు దగ్గరే ఉన్నా, గొయ్యి అడ్డొచ్చి ఇందాకే ఇక్కడ ఆగిపోయా. దానికి గొలుసు, గొలుసుకి నా పిడికిలంత తాళం. మూడో మనిషిని అడిగానన్నానే, అది ఇక్కడే. ముసలాయన ఒకడు మేకల్ని కాస్తున్నాడు. ‘ఇది మేకల దొడ్డి బాబూ, అవతల ఏమీ లేదు, రాళ్ళూ రప్పలే’ అన్నాడు.”

“ఎలా ఉంటాడు?”

“ఎలా ఉంటాడంటే... తలకి ఎర్ర తువ్వాలు. కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఈయన మీకేమవుతాడో అది కూడా చెప్పెయ్. మేనమామా?”

“మా నాన్న.”

“ఆఁ?”

“మా నాన్న అన్నా. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది.”

“అంటే, ఆ మంచం మీదున్న పిల్లకి...”

“తండ్రే. ఆయనకి తెలీదు. పొద్దున్నుంచీ మేకల్ని చూసుకుంటూ అక్కడే ఉన్నాడు. కబురు చెప్పడానికి ఎవరున్నారు?”

“ఓరి దేవుడా! ఇదేం ఊరయ్యా! నేను చెప్పాను కూడా, అంబులెన్సు, ఊళ్ళో పేషెంటు ఉందని. నవ్వాడు. ‘పోయినసారీ ఇలాగే తెల్లబండి, ఇలాగే ఎర్రగుర్తు’ అన్నాడు. నాకేం అర్థం కాలా.”

“పోయినసారి క్వారీ వాళ్ళు అలాగే వచ్చారన్నా. కళ్ళ డాక్టర్లమని చెప్పుకుని. నాన్న నమ్మలేదు. అప్పుడు ఫోను కలిపి, ‘ఇదిగో మీ అబ్బాయి, మాట్లాడు’ అని చేతికిచ్చారు. ఎవడో నాలా మాట్లాడాడు, ‘నాన్నా, మనవాళ్ళే, పంపించు’ అని. ఆయన దగ్గరుండి దారి చూపించాడు. సాయంత్రానికల్లా మా చేలల్లో హద్దురాళ్ళు పాతేశారు.”

“పాపం. తర్వాత?”

“తర్వాతేముంది. ఊరు ఊరంతా ఆయన మీద పడింది.”

“నువ్వు?”

“కన్నకొడుకు గొంతు కూడా పోల్చుకోలేవా అని వీధిలో నిలబెట్టి కడిగేశా. అందరికంటే ఎక్కువ నేనే అన్నా. అప్పట్నుంచి ఆయన ఇంటికి రాడు. ఆ గేటు పక్కనే గుడిసె వేసుకున్నాడు. అన్నం అమ్మే పట్టుకెళ్తుంది. అవన్నీ ఇప్పుడెందుకన్నా, ఫోను ఆయనకివ్వండి! మా నాన్న, నేను అడిగితే తీయడా?”

“పెద్దాయనా! ఓ పెద్దాయనా! ఇటు రండి ఒకసారి. మీ అబ్బాయి మాట్లాడతాడట.”

“మా అబ్బాయా? హహ్హ! రండి రండి, మళ్ళీ మొదలెట్టారూ? మేకలకి బుద్ధి చెప్పొచ్చు గానీ మీకు చెప్పలేం బాబూ.”

“మీకు దణ్ణం పెడతా, ఒక్కసారి చెవి దగ్గర పెట్టుకోండి. ఒక్క మాట. నర్సమ్మా, నువ్వన్నా చెప్పమ్మా ఆయనకి... హమ్మయ్య. తమ్ముడూ, తీసుకున్నాడు, స్పీకర్లో పెట్టా, మాట్లాడు.”

“నాన్నా! నేను నాన్నా!”

“ఆఁ. చెప్పు. ఎవరు నువ్వు?”

“నేనే! చిట్టిని పాము కరిచింది. అది నిజంగా అంబులెన్సే. గేటు తీయి నాన్నా, త్వరగా!”

“చిట్టి పేరు కూడా కనుక్కున్నారూ! పోయినసారి మా వాడి పేరుతో వచ్చారు, ఈసారి ఆడపిల్ల పేరుతో వచ్చారు. సిగ్గుండాలయ్యా. పచ్చగా కాపురం చేసుకుంటున్న పిల్లని పాము కరిచిందంటారా? నోరెలా వచ్చింది నీకు?”

“నాన్నా, ఒట్టు! నీ కాలు విరిగింది మన చింతచెట్టు మీద నుంచి పడి. నిన్ను వీపు మీద మోసుకొచ్చింది నేను. గుర్తుందా?”

“ఊరందరికీ తెలుసు ఆ సంగతి.”

“నల్లమేక పిల్లకి చిట్టి పాలసీసాతో పాలు పట్టింది, నీ గుడిసెలో కూర్చుని, మొన్న! అది ఎవరికి తెలుసు?”

“ఎవరో పొంచి చూసుంటారు. ఆ రాయి కోసం ఎంత దూరమైనా పోతారు మీరు.”

“అమ్మ కింద అరుస్తోంది, వినపడట్లేదా? ఇదిగో ఫోను కిందికి పెడుతున్నా. విను!”

“ఏదో ఆడగొంతు. మీకు ఆడగొంతులకి కరువా?”

“నాన్నా, నన్ను తిట్టు, కొట్టు, నా మొహం చూడకు. కానీ గేటు తీయి. నేనన్న మాటలు మనసులో పెట్టుకుని...”

“మావాడు నన్నేం అనలేదు. అన్నా తప్పులేదు. నా తెలివితక్కువతనానికి అందరి చేలూ పోయేవి. ఆ రోజు వాడు ఒక్కటే మాట చెప్పాడు. ‘నాన్నా, ఇకమీదట ఫోన్లో నా గొంతే వినపడినా సరే, నమ్మకు’ అని. నేను మాటిచ్చాను. మాటిచ్చాక ఇంటికెళ్ళకుండా ఇక్కడే ఎందుకు పడున్నాననుకున్నావు? మళ్ళీ ఒక్క బండి ఇటు దాటితే నా కొడుక్కి మొహం చూపించలేను.”

“ఆ మాట నేనే చెప్పా! నేనే వద్దంటున్నా! నమ్ము నాన్నా, ఈ ఒక్కసారికి నమ్ము!”

“పెద్దాయనా, ఆయన మీ అబ్బాయే! తాళంచెవి ఇవ్వండి, మీ కాళ్ళు పట్టుకుంటా.”

“దూరం దూరం! మొలతాడు మీద చెయ్యి వేశావంటే కర్ర విరుగుద్ది. నువ్వు కాళ్ళు పట్టుకుంటావు, ఆ నర్సమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. మంచి మేళాన్నే తెచ్చారు!”

“అన్నా, గేటు విరగ్గొట్టండి! బండితో గుద్దెయ్యండి!”

“గేటుకి అడ్డంగా పడుకున్నాడు తమ్ముడూ ఆయన! ఎలా గుద్దను?”

“అమ్మా! ఏంటమ్మా?... ఏంటీ?... తడిమి చూడు! చెంప మీద కొట్టు, గట్టిగా కొట్టమ్మా! చిట్టీ! ఏయ్ చిట్టీ! అన్నయ్యనే, ఇటు చూడు, పైకి చూడు!... నాన్నా, పిలిస్తే పలకట్లేదు నాన్నా. అది... ఊపిరి తీసుకోవడానికి... నాన్నా, నా వల్ల కావట్లేదు నాన్నా... నాన్నా... తియ్యి నాన్నా...”

“ఇదిగో బాబూ, తీసుకో నీ ఫోను. గొంతు మాత్రం అచ్చుగుద్దినట్టు మావాడిదే, పోయినసారి కంటే బాగా దించారు. లేచి తాళంచెవి దాకా చెయ్యి కూడా పోయింది. కానీ చివర్లో ఏడిచి పాడు చేసుకున్నారయ్యా. బుద్ధెరిగాక నా కొడుకు ఏడవడం నేనెప్పుడూ వినలేదు.”