మేనకోడలి ఎర్ర సిమెంటు

వానకి పనులాగిపోయి టీకొట్టు బెంచీలు నిండిపోయాయి. కాంక్రీటు మిక్సరు లారీ తోలే మిక్సరు మామ గ్లాసు చేతికందగానే మొదలుపెట్టాడు.

"కోతలు కొయ్యడం నాకు చేతకాదు, జరిగింది జరిగినట్టు చెప్తా. మా అక్క కూతురు సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పని చేస్తుందని మీకు తెలుసుగా. అది కొత్త సిమెంటు చేస్తే, ఆ కాంక్రీటుని మొట్టమొదట లారీలో తీసుకెళ్ళింది నేను. అంతే. అంతకన్నా నేను పొడిచిందేం లేదు."

"ఉన్న సిమెంటుకి ఏమొచ్చింది మామా?" అన్నాడు ఇళ్ళకి రంగులేసే అతను.

"పొగొచ్చింది. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే దగ్గరదగ్గర సగం రాయి పొగలా గాల్లో కలిసిపోతుందయ్యా, దాన్ని కాల్చడానికి వేసిన బొగ్గు పొగ వేరే. మా పిల్లేమంది, అంత రాయి కాల్చడమెందుకు, సగానికి తగ్గించి, మిగతా సగం కొద్దిపాటి వేడికి కాల్చిన బంకమన్నూ, పచ్చి రాతిపొడీ కలుపుదామంది. ఆ మన్ను వల్ల సిమెంటు కాస్త ఎర్రగా ఉంటుంది. బలానికి బలం, పొగ తక్కువ. కానీ ఆ మన్నుకి దాహం జాస్తి. పోసిన నీళ్ళన్నీ తాగేసి ముద్దలా కూర్చుంటుంది, తాపీకి అంటుకుని వదలదు. పోనీ ఇంకాస్త నీళ్ళు పోద్దామా అంటే బలం పోతుంది. దాంతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టింది పిచ్చిది. అన్నానికి కూర్చుంటే గోళ్ళ సందుల్లో ఎర్రమన్ను. చేతులు కడుక్కోవే అని మా అక్క తిట్టేది. కడిగానమ్మా, పోవట్లేదు అనేది."

"మరి ఎలా కుదిరింది?" అన్నాడు టీకొట్టాయన పాలు పొంగకుండా చూసుకుంటూ.

"అదేదో మందు తయారుచేసింది. గమేళాడు కాంక్రీటుకి నాలుగు చుక్కలు పడితే చాలు, ముద్ద కాస్తా జారుగా అయిపోతుంది, నీళ్ళు పెంచక్కర్లేదు. అప్పుడు ఫ్యాక్టరీవాళ్ళు, మన క్యాంటీను స్లాబు దీంతోనే వేద్దాం, నిలబడితే అమ్ముదాం, లేకపోతే ఈ గొడవ ఇంతటితో వదిలేద్దాం అన్నారు. సరే, ఊరవతల కాంక్రీటు కలిపేచోట డ్రమ్ము నింపుకుని బయల్దేరాను. రైలు గేటు దగ్గర ఇరుక్కుపోయాను చూడండి, ముందు బండి కదలదు, వెనక బండి కదలదు. మామూలు కాంక్రీటైతే డ్రమ్ములోనే రాయైపోయేది. ఇది మాత్రం ఇప్పుడే కలిపినట్టుంది."

"అది నిజమే అయ్యుంటుంది" అన్నాడు రంగులతను.

ఆ ఒక్క మాటతో మామకి ఊపొచ్చింది.

"నిజమే కదా, ఇక అక్కడికెళ్ళి పోశామా, తోసేవాళ్ళు లేరు, లాగేవాళ్ళు లేరు, మూలలు వెతుక్కుంటూ తనే పోయింది. ఇనప చువ్వల సందుల్లో దూరి, సర్దుకుని, పైన అద్దంలా పరుచుకుంది. కాస్త మిగిలితే ఏం చేసిందనుకున్నారు, మెట్లు దిగి మేనేజరు గది తలుపు కిందనుంచి లోపలికెళ్ళింది. ఆయన మీటింగులో ఉన్నాను అంటే మర్యాదగా వెనక్కొచ్చేసింది."

"మెట్లు దిగడం సరే, ఎక్కి రావడం కూడానా?" అన్నాడు టీకొట్టాయన.

"ఎక్కకపోతే ఎలా వస్తుంది మరి? ఇక బలం సంగతి వినండి. దిమ్మ పోసి నొక్కే మిషన్లో పెట్టారు. మిషను మూలిగింది. ఇంకా పెద్ద మిషను తెచ్చారు, అదీ చతికిలపడింది. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలో కొత్త మిషను కొంటే, అది గట్టిదో కాదో తేల్చుకోడానికి ఆ దిమ్మని పెట్టి చూస్తున్నారు. ఇదంతా ఒకెత్తు, పొగ ఒకెత్తు. తక్కువ పొగ వదలడం కాదయ్యా, ఉన్న పొగని కూడా ఆ స్లాబు పీల్చడం మొదలెట్టింది. మేనేజరు సిగరెట్టు వెలిగిస్తే పొగ నోట్లోంచి తిన్నగా స్లాబులోకి. ఫ్యాక్టరీ గొట్టంలో పిచ్చుకలు గూళ్ళు పెట్టాయి. పక్క ఫ్యాక్టరీవాళ్ళు గుంపుగా వచ్చి, మా పొగ మాకిచ్చెయ్యండి, గొట్టం ఖాళీగా ఉంటే మేం పనిచెయ్యట్లేదనుకుంటున్నారు అని గొడవ."

బెంచీలు నవ్వాయి. మామ నవ్వలేదు.

"నవ్వండి నవ్వండి. సెంట్రింగు విప్పిన రోజు మీరు చూడాల్సింది. కింద ఆన్చిన పోట్లు తీస్తే స్లాబు నిలుస్తుందా లేదా అని అందరూ గుడ్లప్పగించి నిలబడ్డారు. నేనేం చేశాను, నిండు డ్రమ్ముతో లారీని స్లాబు మీదికెక్కించి, అక్కడే రెండు చుట్లు తిప్పి, హారన్ కొట్టి, ఊఁ, ఇప్పుడు తియ్యండి అన్నాను."

చివర కూర్చున్న తాపీ మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. ఈ కొట్టుకి రావడం అతనికి అదే మొదలు.

"ఆ పోట్లు తీసింది మా ముఠాయే" అన్నాడు.

మామ గొంతులో టీ అడ్డంపడింది.

"తాపీకి అంటకుండా జారిందన్నది నిజం" అన్నాడు మేస్త్రి అందరివైపూ చూసి. "అంత సుఖంగా నేనెప్పుడూ స్లాబు వెయ్యలేదు. కానీ విప్పేరోజు మావాళ్ళు జంకారు. కొత్త సరుకు, ఎవరికి తెలుసు. అప్పుడు ఆ ల్యాబు మేడం వచ్చి స్లాబు కింద, సరిగ్గా మధ్యలో నిలబడింది. కానివ్వండి అంది. ఆవిడ నిలబడితే మేం ఆగుతామా. ఒక్కో పోటూ తీస్తుంటే ఆవిడ పైకైనా చూళ్ళేదు, మా చేతులవైపే చూస్తూ, మెల్లిగా, వేళ్ళు నలుగుతాయి, అంటోంది. స్లాబు వెంట్రుకంత కూడా దిగలేదు."

"మరి లారీ?" అన్నాడు రంగులతను.

"లారీ ఫ్యాక్టరీ గేటు బయటుంది. ఈయనా అక్కడే ఉన్నాడు, గోడవైపు తిరిగి, రెండు చేతుల్తో కళ్ళు మూసుకుని. అంతా అయ్యాక మేడమే వెళ్ళి, మామయ్యా, ఇక చూడు అంటే తిరిగాడు."

ఎవరూ నవ్వలేదు. మామ గ్లాసులో అడుగున మిగిలింది తాగేసి, మూతి తుడుచుకున్నాడు.

"స్లాబు నిలబడకపోతే మా అక్కకి వెళ్ళి చెప్పాల్సింది నేనే కదయ్యా" అన్నాడు. "కూలడం కళ్ళతో చూసి, మళ్ళీ నోటితో చెప్పడం నావల్ల అవుతుందా?"

టీకొట్టాయన అడక్కుండానే గ్లాసు నింపాడు. "మరి ఇంటికెళ్ళి అక్కకేం చెప్పావు?"

"ఏం చెప్తాను, పిల్ల చెయ్యి పట్టుకుని నేనూ స్లాబు కిందే నిలబడ్డానని చెప్పాను."

"నమ్మిందా?"

"మా అక్కా? ఒక్క ముక్క నమ్మలేదు" అన్నాడు మామ. "మళ్ళీ మొదట్నుంచీ చెప్పమంది."