తమ్ముడని రాసిన కాగితం

బ్యాంకువాళ్ళు ఇంటికి తాళం వేస్తామన్న రోజు పొద్దున. కింద గదిలో కుట్టు మిషను ముందు దర్జీ, గుమ్మంలో ఇంటి యజమాని.

"నన్ను వీధిలో పెట్టబోయింది బ్యాంకు కాదు. నువ్వు."

"అంత మాటనకు తమ్ముడూ."

"తమ్ముడనకు."

"సరే, అనను. ముందా మిషను ఆపు. మూడింటికి వస్తారు వాళ్ళు. సామాను సర్దావా?"

"కాలరు కుడుతున్నాను."

"కాలరు కుడుతున్నాడట! ఇక్కడ ఇల్లు పోతుంటే..."

"ఇల్లు నీది. గది నాది. నిన్న వకీలు దగ్గరికి వెళ్ళాను."

"వకీలా? ఎందుకూ?"

"చట్టం ఉందట. ఇల్లు తాకట్టు పెట్టకముందు నుంచీ అద్దెకున్నవాణ్ణి బ్యాంకు ఉన్నపళంగా గెంటడానికి లేదట."

"మంచిదేగా."

"మంచిదే. నువ్వు బ్యాంకుకిచ్చిన కాగితం చూసి వకీలు నవ్వాడు. 'నువ్వు అద్దెకున్నవాడివి కాదు కదయ్యా, సొంత తమ్ముడివి, ఊరికే ఉంటున్నావు, కింద సంతకం కూడా పెట్టావు' అన్నాడు."

"అది... అద్దెకు మనుషులుంటే అప్పు పుట్టదన్నారు. ఏదో అవసరానికి..."

"నెలనెలా అద్దె తీసుకుంటూ ఊరికే ఉన్నానని రాశావు. ఎప్పుడు పెట్టించావు నా చేత సంతకం?"

"ఇప్పుడెందుకవన్నీ?"

"ఎప్పుడు?"

"మీ ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు."

"ఆసుపత్రి మెట్ల మీద. ఒక చేతిలో మందుల చీటీ, ఇంకో చేతిలో నీ కాగితం."

"చదువుకుని పెట్టాల్సింది."

"అన్న పెట్టమంటే చదువుతారా?"

"మనవాడివనే కదా పెట్టమన్నాను."

"నీ కాలు విరిగినప్పుడు మూడు నెలలు మేడ మీదికి అన్నం మోసింది అది. బావగారూ, బావగారూ అంటూ."

"మర్చిపోతానా? అందుకే చెబుతున్నా, నాతో వచ్చెయ్. మా అల్లుడింట్లో వరండా ఖాళీ. మిషను పడుతుంది."

"మనిషో?"

"సర్దుకోవాలి మరి! ఒక్క సాయం చెయ్యి. వాళ్ళొచ్చి అడిగితే తమ్ముణ్ణేనని చెప్పు. లేకపోతే అబద్ధం రాసిచ్చానని నా మీద కేసు పెడతారు. ఈ వయసులో..."

"అడిగారు."

"ఎవరు?"

"బ్యాంకువాళ్ళు. నిన్న సాయంత్రం వకీలు తీసుకెళ్ళాడు."

"ఏం చెప్పావు?"

"నేను చెబితే ఎవరు నమ్ముతారు? కాగితం ఇచ్చాను."

"ఏ కాగితం? మన మధ్య అద్దె కాగితమే లేదుగా!"

"మా ఆవిడ పోయాక దాని పెట్టె తెరవలేదు నేను. నిన్న తెరిచాను. అడుగున దాచింది. మేమిక్కడ దిగిన రోజు, దొంగలమేమోనని పోలీసు స్టేషన్లో రాసిచ్చావు చూడు, స్టేషనువాళ్ళు మాకిచ్చిన దాని నకలు. నీ చేతిరాతే. 'కింద గదిలో అద్దెకు దిగిన కొత్త మనుషులు' అని. స్టేషను ముద్ర. ఇరవై రెండేళ్ళ కిందటి తేదీ."

"తమ్ముడూ!"

"గదికి తాళం వెయ్యరట. అద్దె వాళ్ళకే కట్టమన్నారు. నీ సంగతి నీతోనే మాట్లాడతారట."

"ఎంత పని చేశావురా!"

"గుమ్మంలోంచి జరుగు, కుట్టు కనబడటం లేదు. ఈ అన్నదమ్ముల మాట మళ్ళీ నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."