కొండకెళ్ళే లారీ

హలో, ప్రవీణ్… ఆ, నేనే, బావని. కొండకి చేరిపోయారా?…

చప్పుడా? ఎలాంటి చప్పుడు?… ఉండు, ఆ గోవిందలు కాస్త ఆపమను, ఏం వినబడట్లేదు.

ఊఁ… గరగరమనా… న్యూట్రల్లో వదిలి చూశావా?… అప్పుడూ వస్తోందా. అయితే ఇంజను కాదు, గేరుబాక్సూ కాదు. చక్రంలోదే.

కుడికి తిప్పితే?… గట్టిగా వస్తోందా… ఎడమకి తిప్పితే తగ్గుతోంది… అంటే ఎడమ పక్కదే. బరువు దానిమీద పడ్డప్పుడల్లా అరుస్తోంది.

ఆపి దిగు. చక్రం మధ్యలో హబ్బు దగ్గర చెయ్యి పెట్టి చూడు… ముట్టుకోకురా! దగ్గరగా, అంతే.

…

ముందు చక్రమా… మాడిన గ్రీజు వాసనా… ఒరేయ్, నిజం చెప్పు. చేపల వాసన పోవాలని లారీ ఎక్కడ కడిగారు?… చెరువులోకి దించారా?… లోడు దింపి రాగానే? ఆ వేడిమీదే?

మన కొల్లేటోళ్ళంతా ఇంతే! పడవైనా, లారీ అయినా నీళ్ళలోకి తోసి కడగాల్సిందే. కాలిన హబ్బు చెరువులో మునిగితే నీళ్ళు లోపలికి లాగేసుకోదూ? గ్రీజు పోయి బేరింగు ఒట్టిగా తిరుగుతోంది…

అరవకేం చెయ్యను? ఆ లారీలో నా కూతురుందిరా!

వద్దు! నీళ్ళు పొయ్యకు! దానంతటదే చల్లారనీ.

కాస్త దూరమే అంటే?… వీల్లేదు. బేరింగు పట్టేస్తే చక్రం ఊడొచ్చేస్తది. అందర్నీ దించెయ్… ఎవరు దిగనంటున్నారు?… అమ్మా?… క్యాబిన్లోనా? ఎడమ పక్కా?… పాప ఒళ్ళోనే ఉందా?

ఫోను అమ్మకియ్యి.

అమ్మా… ఆ, పైడిరాజునే… తెలుసమ్మా. కొండకని ఎక్కాక మధ్యలో దిగకూడదు, పాప పుట్టెంట్రుకలు తీయించేదాకా నేల తొక్కకూడదు… కాదనట్లేదు… అమ్మా, నాకు భయమేస్తోందే…

కొండ కనబడుతోందా?… మరింకేం. ఇక్కణ్ణుంచి నడిచొస్తానని స్వామికి చెప్పుకో. కూర్చుని వెళ్ళినదానికన్నా నడిచెళ్ళింది పెద్ద మొక్కు కాదూ?… నేనూ నడుస్తా. ఈ టిప్పరు రిపేరు ఇక్కడే వదిలేసి బండి మీద వచ్చేస్తా. పాపని నేనెత్తుకుంటా… దిగమ్మా. నా తల్లివి కదూ.

…

దిగిందా, ప్రవీణ్? పాపా?… అమ్మయ్య.

వద్దు, ఇంక కదపకు… రోడ్డుకి అడ్డంగా ఉందా? వెనక బస్సు హారనా… సరే. ముందు అందర్నీ దూరంగా పంపించు. ఎడమ పక్క ఒక్కరుండకూడదు. నడక కంటే మెల్లగా పక్కకి తియ్యి… ఫోను మీ అక్కకిచ్చి ఎక్కు.

దుర్గా… పాప నీ దగ్గరేనా?… అమ్మ?… ఊఁ… కదిలిందా…

ఏంటది?… దుర్గా! ఏంటా చప్పుడు?… మాట్లాడవే!

…

చక్రం ఊడిపోయిందా… ఎటు దొర్లింది?… కాలవలోకా… ప్రవీణ్?… దిగాడా. దెబ్బలేం లేవుగా?… లారీ ఒరిగిపోయిందా… ఎడమకేనా?…

అమ్మ కూర్చున్న పక్కే.

…

ఆ… ఉన్నా, ఉన్నా. ఏడుస్తోంది పాపేనా?… ఊరుకోబెట్టకు దుర్గా. ఫోను దాని దగ్గర పెట్టు. కాసేపు ఏడవనీ… విననీ నన్ను…

…

ఊఁ. చాలు. పెట్టేస్తున్నా… బయల్దేరుతున్నానని అమ్మకి చెప్పు. నేనొచ్చేదాకా నడక మొదలెట్టొద్దను.